మొదటి మాట కొడుకుతో

కాపురంలో కలతొస్తే మన వైపు పెద్దలు ముందు ఎవరిని కూర్చోబెడతారో మీకు తెలిసిందే. కంభం, బెస్తవారిపేట, అర్ధవీడు, గిద్దలూరు, ఏ ఊరైనా వరుస ఒకటే. అమ్మాయి పుట్టింటికొస్తుంది. నాలుగు రోజులు చూస్తారు. తర్వాత అటు వైపు ఇద్దరు, ఇటు వైపు ఇద్దరు వరండాలో కుర్చీలేసుకుంటారు. క్రైస్తవ కుటుంబమైతే సంఘ కాపరి అయ్యగారూ వస్తారు, వీలైతే అమ్మగారూ వస్తారు. అమ్మాయిని పిలిచి "ఏందమ్మా నీ బాధ?" అంటారు. ఆమె సగం చెప్పేసరికే "సర్దుకుపోవాలమ్మా, మగోడన్నాక కోపం ఉంటది" అని తేల్చేస్తారు. అబ్బాయి గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటుంటాడు. లేచేముందు ఎవరో ఒకరు "నువ్వు కూడా కాస్త చూసుకో నాయనా" అంటారు. అతను తలూపుతాడు. ప్రార్థన చేసి పంపిస్తారు. ఆరు నెలలకు మళ్ళీ అవే కుర్చీలు, అదే వరండా.

ఈ వరుసను తిరగెయ్యాలని చెప్పడానికే ఈ అధ్యాయం. నచ్చజెప్పడం కొడుకుతో మొదలుపెట్టాలి. ఎందుకో, ఎలాగో చెప్పడానికి ఒక సినిమాను ఆసరా చేసుకుంటున్నాను.

సినిమా పేరు 'ఫైర్‌ప్రూఫ్'. 2008 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైంది. తీసింది పెద్ద స్టూడియో కాదు. జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీ అనే ఊళ్ళో ఉన్న షెర్‌వుడ్ బాప్టిస్టు సంఘం. అప్పట్లో ఆ సంఘంలోనే సేవ చేస్తున్న అలెక్స్ కెండ్రిక్ దర్శకత్వం వహించాడు, తమ్ముడు స్టీఫెన్‌తో కలిసి కథ రాశాడు. కథానాయకుడు కిర్క్ కామెరాన్ పేరున్న నటుడే గానీ, తెర మీదా తెర వెనకా పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది జీతం తీసుకోని సంఘస్థులు. 5 లక్షల డాలర్లతో తీస్తే 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. మన దగ్గర క్రైస్తవ సినిమా అనగానే 1978 నాటి 'కరుణామయుడు' గుర్తొస్తుంది, పల్లెల్లో తెర కట్టి వేసిన ప్రభువు జీవిత కథలు గుర్తొస్తాయి. వంటింట్లో మొగుడూ పెళ్ళాల మధ్య ఏం జరుగుతుందో చూపించే క్రైస్తవ చిత్రం మనకు అరుదు. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

సినిమా తీసిన ఆ బాప్టిస్టు సంఘానికీ కంభానికీ దూరపు చుట్టరికం కూడా ఉందనుకోవచ్చు. కంభంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1880ల తొలి ఏళ్ళలోనే పాతుకుంది. అంతకుముందే, 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కంభం చెరువును నింపి కిందికి సాగేదీ ఆ గుండ్లకమ్మే. ఆ పెద్ద కదలికకు మొదట దారి వేసింది కనిగిరి ప్రాంతంలోని తాళ్ళకొండపాడు వాసి యర్రగుంట్ల పేరయ్య. చెప్పులు కుట్టే కులంలో పుట్టినవాడు. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నప్పుడు పక్కన భార్య నాగమ్మ కూడా ఉంది. మన సంఘాల చరిత్ర ఒక మనిషితో మొదలైందని చెప్పుకుంటాం గానీ, అది ఒక జంటతో మొదలైంది. ఈ సంగతి సంఘాల్లో మరింత తరచుగా చెప్పుకోవాలని నా కోరిక.

ఇక కథ. కేలబ్ హోల్ట్ అగ్నిమాపక దళంలో కెప్టెన్. ఊరంతా మెచ్చుకునే ధైర్యవంతుడు. భార్య క్యాథరిన్ ఆసుపత్రిలో ఉద్యోగి. పెళ్ళై ఏడేళ్ళు. బయట ఎవరి ఇల్లు కాలుతున్నా దూకి కాపాడే ఈయన ఇంట్లో మాత్రం గౌరవం దక్కడం లేదని అరుస్తుంటాడు. జీతంలో మిగిల్చి 24,000 డాలర్లు కూడబెట్టాడు, సొంతానికి పడవ కొనుక్కోవాలని. క్యాథరిన్ తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచం, చక్రాల కుర్చీ కావాలి. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలా అని కూతురు తల్లడిల్లుతుంటే అల్లుడి దృష్టి పడవ మీదుంది. రాత్రిళ్ళు కంప్యూటర్‌లో చూడరానివి చూస్తుంటాడు. ఆమె విడిపోదామంటుంది, అతనూ సరేనంటాడు.

అప్పుడు కేలబ్ తండ్రి జాన్ వస్తాడు. ఈ ఘట్టాన్ని మన పెద్దమనుషులు రెండుసార్లు చూడాలి. ఆయన కోడలి దగ్గరికి పోయి సర్దుకోమనడు. కొడుకును బయటికి తీసుకెళ్ళి, 40 రోజులు ఆగమని అడుగుతాడు. చేత్తో రాసిన ఒక పుస్తకం ఇస్తాడు. రోజుకో పని. కోడలికి ఆ సంగతి తెలియనే తెలియదు. 40 రోజుల బరువంతా కొడుకు మీదే. సినిమా కోసం అల్లిన ఈ పుస్తకాన్నే తర్వాత కెండ్రిక్ సోదరులు 'లవ్ డేర్' పేరుతో నిజంగా అచ్చువేశారు, లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

నిజానికి కొడుకుతోనే ఎందుకు మొదలుపెట్టాలి? తప్పంతా మగవాడిదేనని కాదు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరి చేతిలో డబ్బుందో, అలిగినా ఎవరికి ఇల్లు విడిచి పోవాల్సిన పని లేదో, ముందు కదలవలసింది వాళ్ళు. మన వైపు ఆడవాళ్ళు సర్దుకుపోవడం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, వాళ్ళు పెళ్ళినాటి నుంచీ చేస్తున్నది అదే. ఇంకో 40 రోజులు చెయ్యమంటే ఇంట్లో ఏమీ మారదు. చెయ్యనివాడు చేస్తే మారుతుంది. ఇంట్లో పెత్తనం భార్యదైతే, అలాంటి ఇళ్ళూ ఉన్నాయి, మొదటి అడుగు ఆమెదే.

ఆ పుస్తకంలో మొదటి రోజు పని వినడానికి తేలిక: చెడ్డమాట ఒక్కటీ అనకూడదు. చేసి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. మన ఇళ్ళలో తగాదా మాటలకు తయారుగా ఉండే తోవలు కొన్ని ఉన్నాయి. "మీవాళ్ళు" అని మొదలయ్యేది ఒకటి. కట్నం దగ్గరికో, పెళ్ళిలో పెట్టని దగ్గరికో పోయేది ఇంకొకటి. "నీకేం తెలుసు" అనేది మూడోది. ఇది భార్య చదువును, లేదా చదువు లేకపోవడాన్ని ఎత్తిపొడిచే మాట. కోపం లేనప్పుడు ఒక కాగితం తీసుకుని మీ నోట తరచు వచ్చే మాటలు రాసి చూడండి. నాలుగైదు మించవు. ఆ నాలుగైదింటినీ ఆపగలిగితే మొదటి రోజు గడిచినట్టే. మాటలు పూర్తిగా మానేసి ముభావంగా తిరగడం మాత్రం దీని కిందికి రాదు. భార్య పలకరిస్తే జవాబివ్వకపోవడం చాలా ఇళ్ళలో తిట్టు కంటే ఎక్కువ బాధ పెడుతుంది.

వలస పోయిన ఇళ్ళకు ఈ పని ఇంకోలా చెయ్యాలి. పశ్చిమ ప్రకాశంలో వానలు మోసం చేసిన ఏడాదల్లా మగవాళ్ళు హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడం పనులకు పోతారు. మిరపకోతల కాలంలో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు కదులుతాయి. నెలలకొద్దీ కాపురమంతా ఫోన్‌లోనే. రాత్రి తొమ్మిదింటికి భర్త ఫోన్ చేస్తాడు. "పైసలు అందినాయా? దేనికి ఖర్చుపెట్టినావు?" అక్కడ మొదలై పది నిమిషాల్లో తగాదా అవుతుంది. సినిమా పుస్తకంలో నాలుగో రోజు పని సరిగ్గా ఈ ఇళ్ళ కోసం రాసినట్టుంటుంది: పగటిపూట ఏ అవసరమూ లేకుండా ఒకసారి పలకరించాలి, అంతే. డబ్బు సంగతి వద్దు, అమ్మ ఏమన్నదో వద్దు. తిన్నావా, పిల్లోడి జ్వరం తగ్గిందా, ఇవాళ నీకెలా ఉంది అని అడిగి పెట్టెయ్యాలి. లెక్కలు తప్పవు కదా అంటారేమో. వాటికి వారంలో ఒకరోజు, ఒక వేళ పెట్టుకోండి, ఆదివారం ఆరాధన తర్వాతో ఎప్పుడో. మిగతా ఆరు రోజులూ ఫోన్ మోగగానే ఆమె గుండె దడదడలాడకుండా ఉంటే అదే పెద్ద మార్పు.

మళ్ళీ సినిమాకు వస్తే, రెండో రోజు కేలబ్ కాఫీ పెట్టి ఇస్తాడు. నాకు టైము లేదని ఆమె వెళ్ళిపోతుంది. మూడో రోజు పూలు పంపాలి. కొట్టుకు ఫోన్ చేసి ఉన్నవాటిలో చౌకవి పంపమంటాడు. ఆమె వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. నేను చేస్తున్నాను కదా, అయినా ఫలితమేదీ అని తండ్రి దగ్గర విసుక్కుంటాడు. మనసు పెట్టకుండా చేసే పని ఎదుటి మనిషికి ఇట్టే తెలిసిపోతుంది. పూలు ఖరీదైనవైనా ఆ దశలో తేడా ఉండేది కాదని నా అభిప్రాయం. ఆమె రోజు ఎలా గడుస్తోందో అతను ఒక్కసారైనా గమనించలేదు.

ఆ గమనింపు మన ఇళ్ళలో ఎలా ఉండాలి? ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మన పల్లెల్లో చాలామంది తాగడానికి ప్లాంటు నీళ్ళే కొంటారు. ఇరవై లీటర్ల డబ్బా ఎవరు మోస్తున్నారో చూడండి. మార్కాపురం పలకల పనికి పోయే ఆడమనిషి ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా రాతి దుమ్ము. ఆ పూట ఆమెకు ముందు కావలసింది వేన్నీళ్ళు. అవి కాచి పెట్టినవాడు గులాబీలు తేనక్కర్లేదు. చంటిపిల్లను టీకాకు తీసుకెళ్ళడం, అత్త మాట తూలినప్పుడు "అమ్మా, ఇక చాలు" అని గది బయటే తల్లితో నెమ్మదిగా చెప్పడం ఇంకా పెద్దవి. ఈ చివరిది మన కొడుకులకు అన్నిటికంటే కష్టం. దాన్ని మొదటి వారంలో పెట్టుకోకండి. పదిహేను రోజులు మిగతావి చేశాక తలపెట్టండి.

ఇంకో చిక్కు, మాట్లాడుకోవడానికి చోటు లేకపోవడం. ఒకటే గది, అందులో అత్తామామలు, పిల్లలు. సినిమాలో దంపతులకు విశాలమైన ఇల్లుంది కాబట్టి ఈ బాధ వాళ్ళకు తెలియదు. కంభంవాళ్ళకు చెరువు కట్ట ఉంది. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పే ఆ కట్టను 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు. ఫోటోలు దిగడానికి పోతుంటారు. మీరు భార్యతో పోండి, సాయంత్రం ఎండ వాలాక, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాని మాటలు వస్తాయి. మొదటిరోజు ఏమీ మాట్లాడుకోకుండా తిరిగొచ్చినా ఫరవాలేదు.

సినిమా నడిమి భాగం నాకు బాగా నచ్చిన భాగం. అక్కడ ఫలితం రాదు. ఒకరాత్రి కేలబ్ దీపాలు వెలిగించి భోజనం ఏర్పాటు చేస్తాడు. నీ మీద నాకు ప్రేమ లేదని ఆమె మొహం మీదే చెప్పి వెళ్ళిపోతుంది. తండ్రి దగ్గర కుమిలిపోతాడు: ఇంత చేస్తున్నా తోసిపుచ్చే మనిషిని ఎలా ప్రేమించను? ఇద్దరూ ఒక సిలువ దగ్గర నిలబడి ఉంటారు. తండ్రి ఏమీ వాదించకుండా ఆ సిలువకు ఆనుకుంటాడు. తాను దేవుడికి ఇన్నాళ్ళూ చేస్తున్నది ఇదే కదా అని కొడుక్కి అప్పుడు తడుతుంది. ఇది విశ్వాసులు విశ్వాసంతో తీసిన చిత్రం. ఈ ఘట్టాన్ని తీసేస్తే మిగిలేది చిట్కాల జాబితా. క్రైస్తవులకు దీని అర్థం వేరే విప్పి చెప్పనక్కర్లేదు. వేరే మతంలో ఉండి ఈ పుస్తకం చదువుతున్నవాళ్ళు కూడా ఒక ప్రశ్న వేసుకోవచ్చు: నేను ఏమీ తిరిగివ్వకపోయినా నన్ను విడవకుండా ప్రేమించినవాళ్ళు నా జీవితంలో ఎవరు? చాలామందికి ఒక ముఖం గుర్తొస్తుంది. ఆ ప్రేమను తీసుకున్నవాడికి ఇవ్వడం కొంచెం తేలికవుతుంది.

మన సంఘాల్లో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో 40 రోజులు ఉపవాసముండి ప్రార్థనలు చేసేవాళ్ళు ఎందరో. ఆ నిష్ఠలో పదో వంతు ఇంట్లో మాట మీద పెట్టగలిగితే ఎంత బాగుండును. రాత్రి కూడికలో కన్నీళ్ళతో పాడి, ఇంటికొచ్చి అన్నం చల్లారిందని గిన్నె విసిరేసే మనిషిని చూసిన పిల్లలకు దేవుడి మీద ఏ అభిప్రాయం ఏర్పడుతుందో పెద్దలు ఆలోచించాలి.

సిలువ దగ్గరి ఘట్టం తర్వాత కేలబ్ తన కంప్యూటర్‌ను పెరట్లోకి తీసుకుపోయి బ్యాటుతో పగలగొడతాడు. దాని చోట గులాబీలు, ఒక చీటీ పెడతాడు. అప్పుడైనా ఆమె కరుగుతుందని ప్రేక్షకుడు అనుకుంటాడు. ఆమె అక్కడ పెట్టి వెళ్ళేది విడాకుల కాగితాలు. దర్శకుడు ఇక్కడ నిజాయితీగా ఉన్నాడు. ఏళ్ళ తరబడి నొచ్చిన మనసు మూడు వారాల మంచితనాన్ని నమ్మదు, నమ్మాల్సిన పని కూడా లేదు.

మీరు మీ ఫోన్ పగలగొట్టనక్కర్లేదు. రేపు దానితోనే పని. రాత్రి పడుకునే గదిలోకి దాన్ని రానివ్వకండి, వరండాలో ఛార్జింగ్ పెట్టండి. పేకాట యాపుల్లో డబ్బులు పోతుంటే ఆ సంగతి భార్యకు ఎవరో చెప్పేలోపు మీరే చెప్పండి, అప్పు మొత్తం ఎంతో అంకెతో సహా. తాగుడు విషయం వేరు. 40 రోజుల పట్టుదలతో అది పోదు, చాలామందికి అది వైద్యం కావలసిన జబ్బు. 14446కు ఫోన్ చేస్తే వ్యసనం మాన్పించే కేంద్రాల వివరాలు చెబుతారు. 14416 నంబరు టెలీ మానస్‌ది, మనసు బాగాలేనప్పుడు తెలుగులో మాట్లాడొచ్చు. ప్రార్థన చేస్తూనే మాత్ర వేసుకోవచ్చు. మలేరియాకు అలా చేస్తాం కదా.

స్నేహితుడి సంగతీ చెప్పాలి. అగ్నిమాపక దళంలో కేలబ్ తోటివాడు మైకేల్ అతనికి దగ్గర. తన మొదటి పెళ్ళి ఎలా చెడిందో దాచకుండా చెబుతాడు. కేలబ్ భార్యను తిడుతుంటే వంత పాడడు. మన మగవాళ్ళకు స్నేహితులు తక్కువేం కాదు, సాయంత్రం కలిసి తాగేవాళ్ళు, "వదిలెయ్ రా దాన్ని" అనేవాళ్ళు. మీ భార్య గురించి మీరు చెడ్డగా మాట్లాడితే మిమ్మల్ని ఆపే ఒక్క మనిషిని వెతుక్కోండి. మేస్త్రీ కావచ్చు, బావమరిది కావచ్చు, సంఘంలో ఒక పెద్దాయన కావచ్చు.

అసలు డబ్బు దగ్గరికి వద్దాం. సినిమా మొత్తం తిరిగేది ఇక్కడే. ఆసుపత్రిలో ఒక డాక్టరు క్యాథరిన్ మీద ఆసక్తి చూపిస్తుంటాడు. ఒకరోజు తల్లికి కావలసిన మంచం, కుర్చీ అన్నీ ఎవరో కొనిపెట్టారని తెలుస్తుంది. ఆ డాక్టరే అనుకుని ఆమె మనసు అటు మొగ్గుతుంది. తర్వాత సామాన్ల దుకాణానికి వెళితే లెక్క బయటపడుతుంది. డాక్టరు ఇచ్చింది 300 డాలర్లు. మిగతా 24,000 ఇచ్చింది కేలబ్. పడవ డబ్బు మొత్తం. అతను ఆమెకు ఒక్కమాట కూడా చెప్పలేదు.

మన దగ్గర ఈ ఘట్టానికి ఉన్న బరువు అమెరికాలో ఉంటుందో లేదో. పెళ్ళైన కూతురు తల్లిదండ్రులకు ఖర్చుపెట్టడం మన ఇళ్ళలో ఇప్పటికీ దొంగచాటు పని. కూలి డబ్బుల్లో రెండు వందలు దాచి తల్లి చేతిలో పెట్టి, ఎవరితో చెప్పొద్దంటుంది. అల్లుడు అత్త మందులకు డబ్బిస్తే ఊళ్ళో వింతగా చెప్పుకుంటారు. మేనరికపు పెళ్ళిళ్ళలో అత్త సొంత మేనత్తే అయి ఉంటుంది, చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషే. అయినా మంచాన పడితే "వాళ్ళ కొడుకులు చూసుకుంటారులే" అంటారు. చట్టం అలా అనదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో పోషించవలసిన సంతానమంటే కొడుకూ, కూతురూ ఇద్దరూ.

అందుకే మీరు ఈ అధ్యాయం నుంచి ఒక్క పని మాత్రమే తీసుకోగలిగితే దీన్ని తీసుకోండి. ఆమె తల్లి కోసమో తండ్రి కోసమో, మీ సొంత కోరిక ఒకటి మానుకుని, ఒక ఖర్చు భరించండి. 24,000 డాలర్లు అక్కర్లేదు. బెస్తవారిపేట దగ్గర ఒక ఇల్లు ఊహించుకుందాం. అతను హైదరాబాదులో సెంట్రింగ్ పనిచేస్తాడు, బండి కొందామని ఏడాదిగా దాస్తున్నాడు. మామకు కంటి శుక్లం ఆపరేషన్ చేయించాలి, బావమరుదులు ఇవాళ రేపు అంటున్నారు. ఇతను వారం సెలవు పెట్టి వచ్చి, మామను ఒంగోలుకో గుంటూరుకో తీసుకెళ్ళి, ఆపరేషన్ చేయించి, పట్టీ తీసేదాకా దగ్గరుండి, తిరిగి పనికి పోయాడనుకోండి. వారం కూలి పోయింది, బండి ఇంకో ఆరు నెలలు వెనక్కి జరిగింది. దాన్ని తర్వాత ఏ తగాదాలోనూ ఎత్తకూడదు. ఎత్తితే ఇచ్చినదంతా వెనక్కి తీసుకున్నట్టే. కేలబ్ చెప్పకుండా ఉండటంలోని బలం అదే. భార్యకు తెలియకుండా చెయ్యడం మన చిన్న ఇళ్ళలో కుదరదు, చేశాక నోరెత్తకుండా ఉండటం కుదురుతుంది.

సినిమా చివర్లో ఇంకో నిజం బయటపడుతుంది. ఆ 40 రోజుల పుస్తకం తండ్రి తన భార్య మీద ప్రయోగించింది కాదట. ఒకప్పుడు కాపురం విడిచి పోవాలనుకున్నది తండ్రి, 40 రోజులు ఓర్చి నిలబెట్టింది తల్లి. సినిమా మొదటి నుంచీ కేలబ్ తల్లిని విసుక్కుంటూనే ఉంటాడు, తండ్రితోనే మాట్లాడతానంటాడు. నిజం తెలిశాక పోయి తల్లిని పట్టుకుని ఏడుస్తాడు. ఆడవాళ్ళు మొదటి అడుగు వేసిన కాపురాలూ నిలబడతాయని ఇది చెబుతుంది. కెండ్రిక్ సోదరులే 2015లో తీసిన 'వార్ రూమ్'లో కూడా ప్రార్థనతో మొదలుపెట్టేది భార్యే. నేను కాదనను. కానీ ఆ తల్లి తన కోడలికి ఈ పుస్తకం ఇవ్వలేదని గమనించండి. అది చేరింది కొడుక్కి. సర్దుకుపోవడం ఎంత బరువో మోసిన మనిషికి తెలుసు.

ఈ పద్ధతి పనికిరాని చోటు ఒకటుంది. చెయ్యి చేసుకునే ఇంట్లో, చంపేస్తానని బెదిరించే ఇంట్లో, అనుమానంతో తాళం వేసి పోయే ఇంట్లో భార్యను 40 రోజులు ఓర్చుకోమనకూడదు. సినిమాలో కేలబ్ కొట్టడు గానీ, ఆమెను గోడ వైపు నెట్టేసినంత దగ్గరగా వచ్చి అరిచే ఘట్టం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ప్రకారం తిట్టి అవమానించడం, ఖర్చులకు డబ్బివ్వకుండా మాడ్చడం కూడా హింసే. 181కు ఫోన్ చేస్తే మహిళలకు సహాయం అందుతుంది, ప్రాణం మీదికొస్తే 112. డబ్బు లేక కోర్టు గడప ఎక్కలేమనుకునేవాళ్ళు 15100కు చేయండి. మహిళలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా వస్తుంది.

సంఘ కాపరులకు ఒక విన్నపం. క్రైస్తవుల విడాకులకు వర్తించేది 1869 నాటి చట్టం. 2001లో సవరించేదాకా, భర్త వ్యభిచారి అయితే చాలదు, దానితోపాటు క్రూరత్వమో విడిచిపెట్టడమో కూడా భార్య రుజువు చెయ్యాల్సి వచ్చేది. అంటే నూట ముప్ఫై ఏళ్ళకు పైగా మన ఆడబిడ్డలకు చట్టపు తలుపు దాదాపు మూసే ఉంది. అప్పట్లో ఓర్చుకోమనడం తప్ప పెద్దలకు వేరే దారి తోచేది కాదేమో. ఇప్పుడు చట్టం మారింది. దెబ్బలతో వచ్చిన అమ్మాయిని ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆమెకు భద్రమైన చోటు చూడండి, ఆ తర్వాతే ప్రార్థన చేసి అతన్ని పిలిపించండి. పిలిపించినప్పుడు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ పక్కన పెట్టమని చెప్పి, మొత్తం సమయం అతనితోనే గడపండి.

చివరగా, భర్త ఈ పని మొదలుపెట్టాడని తెలిసిన భార్యకు రెండు మాటలు. వెంటనే నమ్మాల్సిన బాధ్యత మీకు లేదు. "ఆయన మారాడు కదమ్మా, నువ్వింకా బిగుసుకున్నావేంది" అని చుట్టుపక్కలవాళ్ళు తొందరపెడతారు. క్యాథరిన్ తొందరపడలేదు. నాకు సమయం కావాలంది. మీరు గమనించాల్సింది అతను ఏం కొన్నాడని కాదు. మీరు కాదన్న రోజు అతను ఎలా ఉన్నాడు, ఎవరూ చూడనప్పుడు మీవాళ్ళ గురించి ఏమన్నాడు, పాత మాటలు నోటిదాకా వచ్చి ఆగాయా లేదా. ఇవి చూడండి.

క్యాథరిన్‌కు జ్వరమొచ్చి పడుకున్న రోజున కేలబ్ మందులూ తిండీ తెచ్చి పక్కన కూర్చుంటాడు. అప్పటికే ఆమె కంట ఆ పుస్తకం పడింది. ఇవాళ ఎన్నో రోజు అని అడుగుతుంది. నలభై మూడు అంటాడు. పుస్తకంలో ఉన్నవి 40 రోజులే కదా అంటే, ఆపమని ఎవరన్నారని అడుగుతాడు. క్షమించమని అతను అడుగుతాడు. ఆ పూట కూడా ఆమె అతన్ని క్షమించానని అనలేదు.